తలుపు బయట ఫ్లాస్కు పట్టుకుని

పోయిన నెల మా పెదనాన్న మనవరాలిని చూపించడానికి ఒక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. విజయనగరం జిల్లాలోదే, ఊరు పేరు వద్దు. గుంటకి, అంటే ఆ పిల్లకి, ఏడో నెల. రక్తపరీక్ష రిపోర్టు వస్తుందని కూర్చోబెట్టి గంటన్నర అయింది. కూర్చోలేక వరండాలో తిరుగుతుంటే లేబర్ రూము తలుపు మీద రెండు కాగితాలు కనిపించాయి. పైది రంగుల్లో అచ్చువేసిన పోస్టరు. కాన్పు సమయంలో తల్లి తనకి నచ్చిన ఒక ఆడమనిషిని తోడుగా ఉంచుకోవచ్చని దాని సారాంశం. దాని కిందే, మందుల డబ్బా చింపిన అట్టముక్క మీద నీలం స్కెచ్ పెన్నుతో "లోపలికి ఎవ్వరూ రారాదు, తలుపు కొట్టరాదు" అని ఉంది. రెండింటినీ దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టరుతోనే అంటించారు.

పోస్టరుకి దుమ్ము పట్టింది. అట్టముక్క కొత్తగా ఉంది.

బీపీ చూడటం, ఇంజక్షన్ ఇవ్వడం ఎంత వైద్యమో, నొప్పులు పడే మనిషి పక్కన తనకి తెలిసిన ఒక మనిషిని నిలబెట్టడమూ అంత వైద్యమేనని నా అభిప్రాయం. అయిదేళ్ళ కిందట ఇంత గట్టిగా అనేదాన్ని కాదు. మా పెద్దమ్మతో తగువు పడుతూ పడుతూ ఇక్కడిదాకా వచ్చాను. పెద్దమ్మ 1980లో ఏఎన్నెంగా, అంటే ఊళ్ళు తిరిగి గర్భిణుల్నీ పిల్లల్నీ చూసే నర్సుగా, చేరి 34 ఏళ్ళు చేసి రిటైరైంది. ఆవిడ ఓటు అట్టముక్కకే. ఆవిడ మాటలు తీసిపారేయడం నావల్ల కాలేదు కాబట్టే ఇది ఇంత పొడుగు వ్యాసమైంది.

ఫ్యాను రెక్క మీద మసి

మా చెల్లికి 2018లో తొలి కాన్పు. రాత్రి పదింటికి నొప్పులతో తీసుకెళ్తే లోపలికి తీసుకుని తలుపేశారు. అమ్మ చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చంకలో ఉతికి మడతపెట్టిన పాత నేతచీర ముక్కలు. తలుపు తీసినప్పుడల్లా లేచి నిలబడేది. ఆయా "ఇంకా టైముంది, కూకోండమ్మా" అనగానే కూర్చునేది. తెల్లారి నాలుగుకి పాప పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఫైలులో రాయడానికి ఏ ఇబ్బందీ లేని కాన్పు.

అసలు సంగతి మూడో నెలలో, పాపకి స్నానం చేయించి సాంబ్రాణి వేస్తున్నప్పుడు చెల్లి చెప్పింది. "ఎవరూ కొట్టలేదక్కా. పెద్దగా తిట్టనూ లేదు. ఒక్కదాన్నే ఉన్నాను, అంతే. పైన ఫ్యాను రెక్క మీద మసి ఉంది చూడు, అది ఇప్పటికీ కళ్ళ ముందు తిరుగుతాది." దాహమేస్తే నీళ్ళు అడగడానికి భయపడిందట. అర్ధరాత్రి దాటాక ఒంటికి వెళ్ళాలనిపించిందట, బల్ల దిగొచ్చో లేదో తెలియక రెండు గంటలు బిగబట్టుకుందట. మూత్రం నిండిపోతే బిడ్డ తల కిందికి దిగడానికి అదే అడ్డమవుతుందని తనకి తెలీదు. నర్సుకి తెలుసు. కానీ ఆవిడ రెండో బల్ల దగ్గర ఉంది. మా అమ్మ తలుపు బయట ఉంది. ఆ ఒక్క తలుపు తీసుంటే అమ్మ తన భుజం పట్టుకుని నడిపించుకెళ్ళేది.

దీని ఖరీదు మూడేళ్ళ తర్వాత తెలిసింది. రెండో కాన్పుకి చెల్లి తిన్నగా ప్రైవేటుకి వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. డాక్టరు అడగలేదు, తనే అడిగింది. "మళ్ళీ ఆ గదిలోకి నేను వెళ్ళను" అంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 26.6. దీనికి ఆసుపత్రుల ఆశ ఒక కారణమని అందరూ అంటారు, నేనూ అంటాను. ముహూర్తాల పిచ్చి ఇంకొకటి. కానీ ఈ లెక్కలో భయానికి ఎంత వాటా ఉందో ఎవరూ అడగరు. మా ఇంట్లో ఒక సిజేరియన్ పూర్తిగా భయం ఖాతాలోదే.

పెద్దమ్మ కేసు షీటు

పెద్దమ్మ దగ్గర ఈ మాటెత్తితే చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వింటుంది. అంతా విని, "నువ్వు తోడెళ్ళిన మనిషివి కాబట్టి అలా మాట్లాడతావు. నేను తోడొచ్చినోళ్ళని భరించిన మనిషిని" అంటుంది.

ఆవిడ చెప్పేవి ఊహలు కావు. గర్భసంచి ముఖం పూర్తిగా తెరుచుకోకముందే "ముక్కు, ముక్కు" అని పక్కనుంచి తొందరపెట్టే వదినలు. అలా ముందే ముక్కితే గర్భసంచి ముఖం వాచిపోతుంది, అసలు సమయానికి పిల్లకి ఓపిక ఉండదు. పై కడుపు మీద మోచేత్తో నొక్కేసే అమ్మమ్మలు. అయిదు నిమిషాలకోసారి "ఆపరేషన్ చేసీమనండి సిస్టరమ్మా, చూడలేకపోతున్నాం" అని బతిమాలే తల్లులు. కళ్ళు తిరిగి పడిపోయి తామే ఒక కేసైపోయే అక్కలు. ఏదైనా తేడా వస్తే సెల్లు తీసి వీడియో పట్టేవాళ్ళు, బయటున్న మగాళ్ళని కేకేసేవాళ్ళు.

ఇంకొకటి చెప్పింది. అది విన్నాక రెండ్రోజులు నేను వాదించలేదు. మూడో కాన్పుకొచ్చిన ఒకామెకి తోడుగా అత్తగారిని రానిచ్చారట. ఆడపిల్ల అని చెప్పగానే ఆ ముసలామె చేతిలో గుడ్డ బల్ల మీద పడేసి, ఒక్క మాటా లేకుండా బయటికి నడిచిపోయింది. "బిడ్డ ఎనక రావాల్సిన మాయ ఇంకా పడలేదు. ఆ తల్లి తలుపు కేసే చూస్తన్నాది. నేనేటి చేయాల? మాయ చూడాలా, ఆ మొహం చూడాలా? తోడు తోడంటావు, ఇదీ తోడే."

నా దగ్గర ఉన్న జవాబులు ఇవి. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రభుత్వాసుపత్రుల్లో ప్రసవ తోడుని అనుమతించినప్పుడే షరతులు కూడా పెట్టింది. తనకి కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి కావాలి. అంటురోగాలు ఉండకూడదు, బట్టలు శుభ్రంగా ఉండాలి, మొదట్నుంచి చివరిదాకా ఉండాలి, సిబ్బంది పనిలో వేలు పెట్టకూడదు, పక్క బల్ల మీది మనిషి జోలికి పోకూడదు. మరుగు సరిగా ఉన్న చోట భర్త కూడా ఉండొచ్చు. ఆ మరుసటి ఏడాది లేబర్ రూముల్ని బాగుచేయడానికి కేంద్రమే తెచ్చిన లక్ష్య కార్యక్రమంలో బల్లకీ బల్లకీ మధ్య తెరలుండాలని కూడా ఉంది.

"తెరకెంతవుతాది పెద్దమ్మా?" అన్నాను.

"తెరకేటవుతాదే. దాని మీద రక్తం పడితే ఉతికేదెవరో చెప్పు."

వైద్య పరిశోధనల్ని ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో తీసుకొచ్చిన సమీక్ష గురించి కూడా చెప్పాను. 17 దేశాల్లో 26 అధ్యయనాలు, 15 వేలమందికి పైగా తల్లులు. కాన్పు అయ్యేదాకా ఒకరు తోడున్నవాళ్ళలో మామూలు కాన్పులు ఎక్కువ, నొప్పుల సమయం తక్కువ, సిజేరియన్లు తక్కువ. పెద్దమ్మ అంతా శ్రద్ధగా విని "అందులో మన కురుపాం ఉన్నాదేటి?" అంది. నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిదే. ఒకే నర్సు, మూడు బల్లలు ఉన్న గదిలో ఆ ఫలితం అలాగే వస్తుందని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

అయితే కురుపాం పేరు తనే ఎత్తింది కదా. 80ల్లో అక్కడి గిరిజన కొండల్లో పెద్దమ్మ ఇళ్ళ దగ్గరే కాన్పులు చేసింది. ఆ కథలు ఆవిడే చెప్పింది మాకు, చిన్నప్పుడు. గుడిసెలో కిరసనాయిలు బుడ్డి, వేణ్ణీళ్ళ కుండ. వెనకనుంచి ఒకామె గర్భిణిని చంకల కింద చేతులేసి పట్టుకునేది, ఒకామె నడుం రాసేది, గుమ్మం దగ్గర ఇద్దరు ముసలమ్మలు. సూది, కత్తెర పెద్దమ్మవి. మిగతా సంరక్షణంతా ఆ ఆడవాళ్ళదే. ఆ పద్ధతి మళ్ళీ రావాలని నేను అనడం లేదు, అప్పుడు ఎంతమంది బాలింతలు పోయారో కూడా ఆవిడే చెప్పింది. కాన్పు గుడిసెలోంచి ఆసుపత్రికి మారడం మంచిదే. ఆ మార్పులో సూదీ కత్తెరా లోపలికి వచ్చాయి, నడుం రాసే చెయ్యి బయట ఉండిపోయింది.

ఇప్పటికీ ఆ కొండల మీంచి డోలీ కట్టి ఇద్దరు ముందూ ఇద్దరు వెనకా మోసుకుని రోడ్డుదాకా తెచ్చిన వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. నొప్పులు మొదలవకముందే కిందికి వచ్చి ఉండమని సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు, మంచి పని. కానీ సవర గిరిజనుల గూడెం నుంచి దిగొచ్చిన పిల్ల లేబర్ రూములోకి వెళ్ళేసరికి చుట్టూ వినపడేది తెలుగు. మామూలప్పుడు తెలుగు వచ్చినా, నొప్పి ముదిరినప్పుడు నోటికొచ్చేది తల్లి భాషే. ఆ భాష కోసం గిడుగు రామమూర్తిగారు నిఘంటువు రాసి దాదాపు వందేళ్ళవుతోంది. ఇప్పటికీ ఆ గదిలో ఆ పిల్ల మాట అర్థమయ్యే ఒకే ఒక్క మనిషి గుమ్మం బయట కూర్చుని ఉంటుంది. ఈ ఒక్క సంగతిలో పెద్దమ్మ నాతో పేచీ పెట్టలేదు. "అది నిజమేలే" అని పుల్ల పారేసింది.

అరగంటకి ముప్ఫై నిమిషాలే

నేను బడిలో లెక్కలు చెప్పుకునే మనిషిని. ఒక లెక్క వేసి చూశాను.

రాత్రి డ్యూటీలో ఒక స్టాఫ్ నర్సు, ఒక ఆయా. ఇద్దరికి నొప్పులు ముదిరి ఉన్నాయి, ఒకామెకి అప్పుడే కాన్పయింది. నొప్పుల్లో ఉన్నవాళ్ళకి అరగంటకోసారి బిడ్డ గుండె వినాలి, ఒక నిమిషం నిండా లెక్కపెట్టాలి. నాడి చూడాలి. పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో, ఒక్కోటి ఎన్ని సెకన్లుంటుందో పొట్ట మీద చెయ్యి వేసి చూసి, కాన్పు ఎలా సాగుతోందో గీసే పార్టోగ్రాఫు కాగితంలో గుర్తుపెట్టాలి. ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలు వేసుకున్నా ఇద్దరికీ ఇరవై నాలుగు. కాన్పయిన ఆమెకి మొదటి రెండు గంటలు పావుగంటకోసారి బీపీ, నాడి, గర్భసంచి గట్టిదనం, రక్తస్రావం చూడాలి. ఒక్కోసారికి మూడు నిమిషాలే వేసినా అరగంటలో ఆరు. అయిపోయింది అరగంట. చేతులు కడుక్కోలేదు. కేసు షీటు రాయలేదు. ఫోనెత్తలేదు. నాలుగో మనిషి ఆటోలోంచి దిగలేదు.

ఈ లెక్క వేశాక నాకు నర్సుల మీద కోపం చాలావరకు పోయింది. "నీళ్ళు కావాలా తల్లీ" అని అడిగే నిమిషం ఆవిడ దగ్గర మిగల్లేదు. భయపడిన ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌కి అడ్డు తగులుతుందని నర్సింగు చదివిన పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసీ ఆవిడ అరుస్తుందంటే, ఒక బల్ల దగ్గర నిలబడి ఇంకో బల్లకి చేయగలిగింది అరవడమే కాబట్టి. అలాగని అరుపుని నేను మాఫీ చేయడం లేదు. "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" లాంటి మాటలకి ఏ లెక్కా సాకు కాదు. పిల్లాడు పుడితే ఇంత, పిల్ల పుడితే ఇంత అని చెయ్యి చాపడం వేరే జబ్బు, దాని గురించి ఇంకోసారి.

కొబ్బరికాయ

2023లో మా తమ్ముడి భార్యకి నొప్పులొచ్చాయి. ఆ పిల్లకి తల్లి లేదు. శ్రీకాకుళం వైపు ఒక ప్రభుత్వాసుపత్రి. అక్కడ ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరుకి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నన్ను ఎగాదిగా చూసి "మీకు పిల్లలున్నారా?" అంది. ఇద్దరన్నాను. "గాజులు తీసి, మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని రండి. లోపల ఏడవకూడదు, ముక్కమని మీరు చెప్పకూడదు, పక్క బల్ల వైపు తిరక్కూడదు. ఉంటారా?" బల్లల మధ్య తెరలు లేవు. తాడు కట్టి రెండు పాత చీరలు వేలాడేశారు. ఎవరు ఉతుకుతున్నారో తెలీదు గానీ శుభ్రంగానే ఉన్నాయి.

అయిదు గంటలున్నాను. నేను చేసిందేమీ లేదు. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద అరచేత్తో గట్టిగా అదిమి పట్టాను. తగ్గినప్పుడు గుక్కెడు నీళ్ళు. రెండుసార్లు బాత్‌రూముకి నడిపించాను. ఒకసారి తను నా చెయ్యి కొరికింది, మచ్చ వారం రోజులుంది. "వదినా, నావల్ల కాదు" అన్నప్పుడల్లా "కాదులే, కానీ ఇంకొకటి చూద్దాం" అన్నాను. పక్క చీరకి అవతల ఒకామె మూలుగుతూనే ఉంది. ఆవిడకి ఎవరూ లేరు. నేను తిరగలేదు, సిస్టరుకి మాటిచ్చాను కదా. అది ఇప్పటికీ నాకు బాగోలేదు.

మూడున్నర దాటాక బాబు పుట్టాడు. వెంటనే తల్లి తొడకి ఆక్సిటోసిన్ ఇంజక్షన్, బిడ్డ తల్లి గుండెల మీదికి. మాయ పడింది. అంతా సవ్యంగా ఉందనుకునే లోపు పక్క బల్ల నుంచి కేక. అక్కడ తల కనిపిస్తోంది. సిస్టరు నా చెయ్యి పట్టుకుని మా మరదలి బొడ్డు కింద, గర్భసంచి తగిలే చోట పెట్టింది. "గట్టిగా తగులుతోందా? కొబ్బరికాయలా? ఇలాగే ఉండాలి. మెత్తబడిందంటే నన్ను పిలవండి, మొహమాటపడకండి" అని చీర అవతలికి వెళ్ళిపోయింది.

చెయ్యి తియ్యలేదు. ఎంతసేపో చెప్పలేను, పది నిమిషాలు కావచ్చు. అరచేతి కింద ఆ గట్టిదనం మెల్లగా జారిపోయింది. ఉన్న కాయ లేనట్టు, నానిన పిండి ముద్దలా అయింది. కింద పరిచిన గుడ్డ చూస్తే అంచుదాకా ఎరుపు. "సిస్టర్!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవతల బొడ్డు క్లిప్పు వేసి, బిడ్డని ఆయా చేతికిచ్చి వచ్చింది. రెండు చేతులతో పొట్ట మీద గుండ్రంగా రుద్దింది, గడ్డలు గడ్డలుగా రక్తం పడింది. సెలైన్లో మందు కలిపి ఎక్కించింది, క్వార్టర్సులో ఉన్న డాక్టరమ్మకి ఆయాతో ఫోను చేయించింది. డాక్టరమ్మ వచ్చేసరికి మళ్ళీ కాయ గట్టిపడింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. బాబు ఇంతసేపూ రొమ్ము దగ్గర నోరు కదుపుతూనే ఉన్నాడు. వాడికేం తెలుసు.

ఈ సంగతి మా ఇంట్లో, వీధిలో, బడి స్టాఫ్ రూములో ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. తోడు ఉండాలనడానికి ఇంతకంటే రుజువేం కావాలని.

పెద్దమ్మకీ చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ మొహం ముడుచుకుంది. "గొప్ప పని చేసేననుకుంటన్నావా? అక్కడ ఉండాల్సింది నర్సు చెయ్యి. నీ చెయ్యి ఉన్నాదంటే రెండో నర్సు లేదన్నమాట. రేపు ఇంకో పిల్లకి వచ్చిన తోడు నీలాగ చదువుకున్నది కాకపోతే? కునుకు తీసీస్తే? అప్పుడు తప్పు ఎవరిది రాస్తారు?"

నా వాదనలో మెత్తని చోటు ఇదే. తోడుమనిషిని రానిస్తే ఆవిడ్ని ఊరికే పనిచేసే ఆయాగా మార్చేసుకుని, నర్సు పోస్టులు ఖాళీగా ఉంచేసే రోజు రావచ్చు. ఇప్పటికే వార్డుల్లో సెలైన్ అయిపోతే చూసుకునేది, స్ట్రెచర్ తోసేది బంధువులే కదా. ఆ సిస్టరు ఆ రాత్రి నా చెయ్యి అక్కడ పెట్టడం తప్పంటే నేను ఒప్పుకోను, ఉన్నదాంట్లో ఆవిడ చేయగలిగిన తెలివైన పని అది. కానీ పెద్దమ్మ అన్నదీ నిజం. నేను ఇన్నాళ్ళూ చెప్పుకు తిరిగిన కథలో నేనొక ఖాళీ పోస్టుని.

అందుకని ఇప్పుడు నా మాట కొంచెం మార్చుకున్నాను. తోడు పని నీళ్ళివ్వడం, నడుం రాయడం, నడిపించడం, పక్కన ఉండటం. రక్తం చూడాల్సింది, గర్భసంచి పట్టుకోవాల్సింది నర్సు. మొదటిది ఉందని రెండోది తగ్గించకూడదు, రెండోది లేదని మొదటిదాన్ని తలుపు బయట పెట్టకూడదు. కాన్పయ్యాక మెత్తబడితే ఎలా ఉంటుందో తల్లికీ తోడుకీ ముందే చెప్పి ఉంచితే నష్టమేమీ లేదు, పిలవడానికి ఒక నోరు అదనం. ఇక తోడు ఎవరన్నది ఆ పూట వరండాలో అత్తా అమ్మా తేల్చుకునే వ్యవహారం కాకూడదు. ఏడో నెల చెకప్పులోనే గర్భిణిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగి, తల్లీబిడ్డల కార్డు మీద పేరు రాసేయాలి. ఆ తోడుని కూడా ఓసారి పిలిచి, ఆ సిస్టరు నాకు చెప్పిన మూడు మాటలు చెప్పాలి. ఆడపిల్ల అంటే గుడ్డ పడేసి వెళ్ళిపోయే మనిషిని తోడుగా రాయించుకునే కోడలు ఉండదు, తననే అడిగితే.

పెద్దమ్మ దీనికి ఒప్పుకుందా అంటే, పూర్తిగా కాదు. "పేరు రాస్తే రాసుకోండి, నర్సుకి వద్దనే హక్కు కూడా రాయండి" అంది. సరే, అది కూడా రాద్దాం.

రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 9.4. ఐరన్ మాత్రలు మానేసిందట, కక్కొస్తోందని. తిట్లు తింది. మా వూరి సచివాలయం ఏఎన్నెం నాకు తెలిసిన పిల్లే. మర్నాడు ఇంటికి వచ్చి, మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని చెప్పి, కార్డు తిరగేస్తుంటే నేనే అన్నాను, తోడు ఎవరో కూడా అడిగి రాసెయ్యమ్మా అని. అలాంటి గడి కార్డులో లేదంది. వెనక ఖాళీ ఉంది కదా అన్నాను.

మా అక్క, అంటే గుంట తల్లి, అప్పటికే పైటకొంగు సర్దుకుని కూర్చుంది, తన పేరేనని. పక్కన నేను. మనసులో నాకూ ఆశ లేకపోలేదు, అనుభవం ఉన్నదాన్ని కదా.

గుంట తలొంచుకుని చాపలో పుల్ల పీకుతూ "మా అత్త" అంది.

అక్క మొహం చూడాలి. "మరి నేనేటే?"

"నువ్వు ఏడుస్తావమ్మా. నొప్పులు పడతా నిన్నెక్కడ ఊరుకోబెడతాను? పిన్నైతే క్లాసు పీకుతాది. అత్తయితే ఊరుకునుంటాది."

ఏఎన్నెం పిల్ల నవ్వు ఆపుకుంటూ బాల్ పెన్నుతో కార్డు వెనక ఆవిడ పేరు, సెల్ నంబరు రాసింది. అక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వియ్యపురాలికి ఫోను చేసి, గాజులు తీసి వెళ్ళాలట, సబ్బు నేనే పంపిస్తానని చెప్తుంటే విన్నాను.